మెమ్‌టెస్ట్86+: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ర్యామ్ చెడిపోయిందని తేల్చడానికి మెమ్‌టెస్ట్86+ అంత నమ్మకమైన ఉచిత ప్రోగ్రామ్ నాకు ఇంకొకటి దొరకలేదు. ర్యామ్ బాగుందని అది చెప్తే మాత్రం అంత తొందరగా నమ్మను. మా స్టూడియోలో పెళ్లి ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటర్లు ఎప్పుడు తేడాగా అనిపించినా ఇదే వాడుతున్నాను.

ర్యామ్ పోతే కంప్యూటర్ ఆన్ కాదని, లేదా నీలం స్క్రీన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా పోతే అదృష్టమే. అసలు టెన్షన్ పెట్టేది ఎప్పుడో ఒకసారి ఒక్క బిట్ (0 లేదా 1 అనే అతి చిన్న డేటా ముక్క) తారుమారయ్యే ర్యామ్. కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంటుంది. కెమెరా కార్డు నుంచి కాపీ చేసిన వందల ఫొటోల్లో ఏదో ఒకటి మాత్రం సగం నుంచి కిందకి రంగు మారి, పక్కకి జరిగి కనిపిస్తుంది. జేపెగ్‌లో ఒక బిట్ తప్పితే ఆ తర్వాత వచ్చేవన్నీ తప్పుగా డీకోడ్ కావచ్చు, అందుకే ఆ వింత రంగులు. వీడియోలో అయితే ఒక చిన్న గడి క్షణంసేపు చెదిరి సర్దుకుంటుంది, ఎవరూ గమనించరు కూడా. జిప్ ఫైలు ఒక్కటే సీఆర్‌సీ ఎర్రర్ (లోపలి డేటా లెక్క సరిపోలేదు) అని ముఖం మీదే చెప్పేస్తుంది. ఇలాంటప్పుడు చూసినవాళ్లు ముందు వైరస్ అంటారు, తర్వాత హార్డ్‌డిస్క్ మార్చమంటారు. కొత్త డిస్క్‌లోనూ ఫొటోలు చెడుతూనే ఉంటాయి.

అందుకే మెమ్‌టెస్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసేముందు నేను ఒక చిన్న పరీక్ష చేస్తాను. ఒక పెద్ద వీడియో ఫైలుకి ఎస్‌హెచ్‌ఏ256 విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటి కోడ్, తీస్తాను (7-జిప్ ఉంటే రైట్ క్లిక్‌లోనే వస్తుంది). మళ్లీ తీస్తాను, ఇంకోసారి తీస్తాను. అదే ఫైలుకి ఒక్కోసారి ఒక్కో విలువ వస్తే అనుమానం ముందు ర్యామ్ మీదకి, తర్వాత ప్రాసెసర్ మీదకి వెళ్లాలి. ప్రతిసారీ ఒకే విలువ వచ్చి, కార్డులోని అసలు ఫైలు విలువతో మాత్రం కలవకపోతే కాపీ అయ్యేటప్పుడే చెడి డిస్క్‌లోకి చేరిందన్నమాట. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఫైలు చిన్నదైతే రెండోసారి డిస్క్ నుంచి చదవదు, ర్యామ్‌లో మిగిలి ఉన్న కాపీనే చూపిస్తుంది. అందుకని ఫైలు ర్యామ్ కంటే పెద్దదై ఉండాలి, లేదా మధ్యలో రీస్టార్ట్ చేయాలి. పనిలో పనిగా డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ7 అనే వరుస (డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా చెడిన సార్ల లెక్క) కూడా చూడండి. ఆ అంకె పెరుగుతూ పోతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చినా పాత అంకె సున్నా కాదు, ఇక పెరగకుండా ఆగితే చాలు.

ఇక మెమ్‌టెస్ట్ సంగతి. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 నుంచి 2004లో చీలి వచ్చింది ఈ ప్లస్ వెర్షన్. 2013లో 5.01 వచ్చాక చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) ఉన్న మదర్‌బోర్డుల మీద అది బూట్ కాక విసుగొచ్చేది. 2022లో వచ్చిన 6.00తో ఆ బాధ తీరింది. విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడుస్తుంది కాబట్టి దాదాపు ర్యామ్ మొత్తాన్నీ తడిమి చూస్తుంది. తప్పు దొరికితే ఏ అడ్రస్‌లో, ఏమి ఉండాల్సింది, ఏమి కనిపించింది అన్నది ఎర్రగా చూపిస్తుంది. ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి ఉంచుకోండి, వారంటీ కౌంటర్ దగ్గర వాదన తగ్గుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లని బూట్ కానివ్వని సెట్టింగ్) ఆపకపోతే చాలా కంప్యూటర్లలో ఇది నడవదు. ఆపితే విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు, అది చేతిలో పెట్టుకునే మొదలుపెట్టండి. పాస్‌మార్క్ వాళ్ల మెమ్‌టెస్ట్86కి ఆ తలనొప్పి లేదు కానీ ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లకే (పాస్ అంటే పరీక్షలన్నీ ఒక చుట్టు పూర్తవడం) ఆగిపోతుంది. తప్పు ఏ ర్యామ్ స్టిక్‌దో కూడా మెమ్‌టెస్ట్86+ సూటిగా చెప్పదు. ఒక్కొక్క స్టిక్ విడిగా పెట్టి నడపాల్సిందే. ఎక్కడ పెట్టినా అదే స్టిక్ తప్పులు చూపిస్తే స్టిక్ పోయినట్టు. ఏది పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులొస్తే మదర్‌బోర్డో, ప్రాసెసరో చూసుకోవాలి. పారేసేముందు కాంటాక్టులు రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టి చూడటం మన షాపుల వాళ్ల అలవాటు. నవ్వుకోకండి, కొన్నిసార్లు పనిచేస్తుంది. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి కూడా ఒకసారి నడపండి. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ ఎక్స్‌ఎంపీ లేకుండా చాలాసార్లు తక్కువ వేగంతో నడుస్తుంది, అప్పుడు తప్పులు మాయమైతే అసలు గొడవ ఆ వేగంతోనే.

పెద్ద లోపం ఇంకొకటి. పచ్చగా 'పాస్' అని కనిపించగానే చాలామంది ఆపేస్తారు. మొదటి పాస్ తేలికది, తర్వాతివే గట్టివి. 32 జీబీకి రాత్రంతా వదిలేయడం మేలు. అలా వదిలినా గ్రాఫిక్స్ కార్డు వేడెక్కదు, అసలు పనిలో ఉండే ఒత్తిడి రాదు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు ఒక్క తప్పూ చూపని ర్యామ్, మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో రెండర్ పెట్టాక తప్పులు చేయడం చూశాను. అందుకే మెమ్‌టెస్ట్ తర్వాత విండోస్‌లో ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ కలిపి ఒత్తిడి పెట్టే ప్రైమ్95 బ్లెండ్ టెస్ట్ కూడా పెడతాను, అదీ ఎండ వేళలోనే.

ర్యామ్ మార్చాక కూడా తొందరపడి కార్డులు ఫార్మాట్ చేయకండి. ఆ చెడ్డ ర్యామ్ ఉన్న రోజుల్లో కాపీ అయినవన్నీ, బ్యాకప్ డిస్క్‌లోకి వెళ్లినవి కూడా, దాని గుండానే వెళ్లాయి. అసలు కార్డు ఉంటే దాని విలువలతో పోల్చి, తేడా వచ్చినవి మళ్లీ కాపీ చేసుకోండి.