గాలి సోకిన ఇల్లు, తనఖా పడిన ఇల్లు

ఎమిలీ బ్రాంటీ ఇంగ్లీషు నవల ‘వుదరింగ్ హైట్స్’కు అయిదుకు నాలుగున్నర నక్షత్రాలు. నేను మొదట కొన్న ప్రతికి ఒక్కటి, అదీ అట్ట మీద కొండ బొమ్మ బాగుందని.

ముందు ఆ ప్రతి సంగతి చెప్పేస్తాను. మాఘమాసంలో తిరుపతిలో ఒక పెళ్లికి వెళ్లి, చిత్తూరు బస్సుకు ఇంకా టైముందని పాత పుస్తకాలు పరిచిన చోట ఆగాను. ఈ ‘వుదరింగ్ హైట్స్’ కనబడింది. 150 చెప్పి 100కి ఇచ్చాడు. చంద్రగిరి దాటకముందే నా తెలివి తెల్లవారింది. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. తొమ్మిదో అధ్యాయం దగ్గర 16 పేజీలు రెండుసార్లు కుట్టి, ఆ తర్వాత రావాల్సిన 16 మింగేశారు. కథానాయకుడు హీత్‌క్లిఫ్ ఇల్లు వదిలి వెళ్లిపోయే రాత్రి సరిగ్గా అక్కడే ఉంటుంది. అంటే ఆ ప్రతిలో ఆయన వెళ్లకుండానే తిరిగొస్తాడన్నమాట. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి నవ్వి, వెనక వివరణలున్న మంచి ప్రతి తెప్పించింది. కొనేవాళ్లు అలాంటిదే కొనండి. అందులో జోసెఫ్ అనే ముసలి పనివాడు మాట్లాడే యార్క్‌షైర్ యాస వివరణ లేకుండా ఒక్క ముక్క అర్థం కాదు. 1850లో ఈ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించినప్పుడు సొంత అక్క షార్లెట్ కూడా ఆ యాసను తేలిక చేసింది, ఇక మనమెంత.

నేను దీన్ని మొదట చదివింది 1982లో, ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేటప్పుడు. రూమ్మేటు మదనపల్లె పిల్ల. కార్తీకమాసపు తుపాను, మూడు రోజులు ముసురు, కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని ఒకరు చదివితే ఒకరు వినేవాళ్లం. 1801లో లాక్‌వుడ్ అనే పట్నపాయన ఆ కొండ మీద ఇంటికి వస్తాడు. మంచులో చిక్కుకుని రాత్రి అక్కడే పడుకుంటాడు. కిటికీ అంచు మీద ఎవరో పేరు గీకి ఉంటారు: కేథరిన్ ఎర్న్‌షా, కేథరిన్ హీత్‌క్లిఫ్, కేథరిన్ లింటన్. నడిరాత్రి కొమ్మ టకటకమంటోందని కిటికీ పగలగొట్టి చెయ్యి చాపితే, చల్లటి చిన్న చెయ్యి పట్టుకుంటుంది. లోపలికి రానివ్వమంటుంది, ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నానంటుంది. అక్కడికి రాగానే మా రూమ్మేటు పుస్తకం మూసేసి, “మే, ఇది గాలి” అంది.

ఆ ఒక్క మాటతో ఆమె పుస్తకం పేరుకే అర్థం చెప్పేసింది. వుదరింగ్ అంటే ఆ కొండల్లో గాలివాన హోరుకు వాడే మాట అని లాక్‌వుడ్ మొదటి పేజీల్లోనే చెప్తాడు. మనకు కొండమీద వీచేదీ గాలే, మనిషికి సోకేదీ గాలే. హార్సిలీ కొండ మీద సాయంత్రం పూట నిలబడి, చెవుల్లో ఆ హోరు విన్నవాళ్లకు ఈ ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వయసులో మాకు కావలసింది ప్రేమ. లివర్‌పూల్ వీధుల్లో దొరికిన అనాథ పిల్లాడు హీత్‌క్లిఫ్, వాడితో పాటు కొండల్లో తిరిగిన ఇంటి పిల్ల కేథరిన్. డబ్బున్న ఎడ్గార్ లింటన్‌ను ఆమె చేసుకోవడం, వీడు మూడేళ్లు మాయమై దొరలా తిరిగి రావడం. తానే హీత్‌క్లిఫ్‌నని ఆమె పనిమనిషి నెల్లీతో చెప్పే మాటలు నోట్సు వెనక రాసుకున్నాను. హీత్‌క్లిఫ్ లాంటి మొగుడు కావాలని మా రూమ్మేటు తిరుమల నడిచి వెళ్లి మొక్కింది గూడా. దేవుడు దయగలవాడు కాబట్టి ఆమెకు ఎల్‌ఐసీ ఉద్యోగి దొరికాడు.

నేను రిజిస్ట్రేషన్ డిపార్టుమెంటులో చేరాను. ముప్పై ఏళ్లకు పైగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో క్రయ దస్తావేజులు, తనఖాలు, హక్కు విడుదల పత్రాలు, వీలునామాలు చూసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. ఆ కళ్లతో చదివితే ఇది వేరే పుస్తకం.

హీత్‌క్లిఫ్ తిరిగొచ్చాక మొదట చేసే పని ఏమిటి? కేథరిన్ అన్న హిండ్లీ తాగుడులో, పేకాటలో ఉన్నాడు. చిన్నప్పుడు వీణ్ణి పాలేరును చేసి కొట్టినవాడు ఆయనే. ఇప్పుడు వీడు అతని ఇంట్లోనే అద్దెకు దిగి, ఆటకు డబ్బిస్తూ గజం గజం తనఖా పెట్టించుకుంటాడు. హిండ్లీ 27 ఏళ్లకే పోతాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే తేలేది ఏమిటంటే, ఉన్న భూమంతా తనఖాలో ఉంది, పెట్టుకున్నది హీత్‌క్లిఫ్. 21 ఏళ్లప్పుడు ఈ వాక్యం మీద నా కన్ను ఆగనే లేదు. ఇప్పుడు పెన్సిలుతో గీత గీసుకున్నాను. మామిడి తోట మీద అప్పిచ్చి, వడ్డీ అడక్కుండా ఓపిగ్గా కూర్చునే మనుషులను ఎంతమందిని చూశానో. వడ్డీ అడిగేవాడికంటే అడగనివాడితోనే భయం.

రెండో ఆస్తి ఇంకా నేర్పుగా లాగుతాడు. ఇక్కడ చుట్టరికాలు చెప్పుకోవాలి, మనకు సులభం. ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లాను హీత్‌క్లిఫ్ లేపుకుపోయి పెళ్లి చేసుకుంటాడు. వాళ్ల కొడుకు లింటన్. ఎడ్గార్, కేథరిన్‌ల కూతురు కేథీ. హిండ్లీ కొడుకు హేర్టన్. అంటే కేథీకి లింటన్ మేనత్త కొడుకు, హేర్టన్ మేనమామ కొడుకు. ఇద్దరూ వరసైన బావలే, చివరికి ఇద్దరినీ చేసుకుంటుంది కూడా. మా మేడం బోర్డు మీద వంశవృక్షం వేసి, ఇందులో ఇబ్బంది కలిగించే సంగతేదో కనిపెట్టమంటే క్లాసులో ఒక్కరికీ తట్టలేదు. మేనరికంలో ఏముంది ఇబ్బంది?

ఎడ్గార్ తండ్రి రాసిన ఏర్పాటు ప్రకారం, ఎడ్గార్‌కు మగబిడ్డ లేకపోతే భూమి కూతురికి కాదు, ఇసబెల్లా సంతానానికి. ఇంక హీత్‌క్లిఫ్‌కు కావలసింది రోగిష్టి కొడుకు చేత కేథీ మెడ వంచించడమే. పిల్లను ఇంట్లో పెట్టి తాళం వేసి, తండ్రి చావుబతుకుల్లో ఉండగా పెళ్లి చేయిస్తాడు. ఎడ్గార్ ఆఖరి ఘడియల్లో వీలునామా మార్చి, కూతురి సొమ్మును ధర్మకర్తల చేతిలో పెట్టాలని లాయరుకు కబురు పంపుతాడు. లాయరు రాడు. హీత్‌క్లిఫ్ అతన్ని కొనేశాడు. ఈ పేజీ చదివి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. దయ్యం చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా నాకు ఇంత వణుకు రాలేదు.

తర్వాత ఆ రోగిష్టి కొడుకు చేత వీలునామా రాయిస్తాడు. తనవీ, భార్యవీ చరాస్తులన్నీ తండ్రికి. 1882లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం రాకముందు ఇంగ్లండులో పెళ్లయిన ఆడదాని చరాస్తి మొగుడిదే. మైనరు కాబట్టి భూమి రాసే అధికారం వాడికి లేదు. అయినా హీత్‌క్లిఫ్ భూమి కూడా పట్టుకుంటాడు. చేతిలో డబ్బూ, వెనక మనిషీ లేని పిల్ల అతన్ని కదిలించలేదని నెల్లీ చెప్తుంది. ‘నా పూర్తి సమ్మతితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా’ అని మన దస్తావేజు లేఖరులు ప్రతి కాగితం మీదా రాస్తారు చూడండి, ఆ మాట గుర్తొచ్చింది. మన రాష్ట్రంలో 1986 చట్టం ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చాక, అన్నదమ్ముల వెంట వచ్చి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిన చెల్లెళ్లు నా టేబుల్ ముందు ఎంతమంది నిలబడ్డారో. “ఇష్టపడే పెడుతున్నావామ్మా?” అని అడిగితే ముందు అన్న మొహం చూసి, తర్వాత నా మొహం చూసి, ఊ అనేవాళ్లు.

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదు. సి.పి. శాంగర్ అనే ఆయన, వృత్తికి న్యాయవాది, 1926లోనే ఈ నవలలోని తేదీలు, వారసత్వ చట్టం అన్నీ లెక్క కట్టి, ఎక్కడా పొల్లు పోలేదని రాశాడు. హేవర్త్ అనే ఊళ్లో చర్చి పక్కన ఇంట్లో రొట్టెల పిండి పిసుకుతూ పెరిగిన పాస్టరు గారి అమ్మాయికి ఇంత లా ఎలా తెలుసో నాకు అంతుపట్టలేదు. 1847 డిసెంబరులో ఎలిస్ బెల్ అనే మారుపేరుతో పుస్తకం వచ్చింది. 1848 డిసెంబరు 19న, 30 ఏళ్లకే ఆమె పోయింది. ఇంకోటి రాయలేదు.

హీత్‌క్లిఫ్ మీద మోజు నాకిప్పుడు లేదు. ఇసబెల్లాను లేపుకుపోయే రాత్రి ఆమె కుక్కపిల్లను రుమాలుతో ఉరేసిపోతాడు. అది మాకు అప్పుడు ఎలా కనబడలేదో! మా అమ్మాయి నాలుగు అధ్యాయాలు చదివి, “అమ్మా, వీడి మీద కేసు పెట్టాలి, నువ్వు కవిత్వం రాసుకున్నావా?” అంది. కానీ లాక్‌వుడ్‌ను చూడండి. కిటికీలోంచి వచ్చిన ఆ పసిచేతిని వదిలించుకోవడానికి పగిలిన అద్దం మీద పెట్టి రుద్దుతాడు, పక్క బట్టలు నెత్తురుతో తడిసేదాకా. పెద్దమనిషి, మర్యాదస్తుడు, అద్దెకొచ్చినవాడు. కథలో మొదట నెత్తురు కళ్లజూసింది ఆయనే.

నెల్లీ గురించి కూడా నా అభిప్రాయం మారింది. కథంతా చెప్పే పనిమనిషి ఆమె. అప్పుడు మా అవ్వలా అనిపించింది. ఇప్పుడు మా ఆఫీసులో అన్నీ తెలిసీ సమయానికి నోరు మెదపని సీనియర్ అసిస్టెంటులా అనిపిస్తోంది. హీత్‌క్లిఫ్‌ను చేసుకుంటే తన స్థాయి దిగజారుతుందని కేథరిన్ అన్నప్పుడు, వాడు చాటుగా వింటున్నాడని, అంతవరకే విని లేచిపోయాడని ఆమెకు తెలుసు. అమ్మాయీ, ఆగు అని ఒక్క మాట అనదు. ఆమెకే తెలుసు కాబట్టి మనం ఆమె చెప్పిందే నమ్మాలి.

కేథరిన్ 34 అధ్యాయాల్లో 16వ దానిలోనే పోతుంది. చాలామంది అక్కడితో పుస్తకం అయిపోయిందనుకుంటారు. 1939లో వచ్చిన హాలీవుడ్ సినిమా రెండో తరాన్ని మొత్తంగా కోసేసింది. మేమూ అప్పట్లో ఆ సగం పరీక్ష కోసం గబగబా తిప్పేశాం. రోగిష్టి లింటన్ దగ్గు, ఏడుపు నిజంగానే విసుగు. నేను కోసిన అర నక్షత్రం అతనిదే.

అయితే హేర్టన్ ఉన్నది ఆ సగంలోనే. తండ్రి పోయేనాటికి ఆరేళ్ల పిల్లాడు, ఆ ఇంటికి నిజమైన వారసుడు. వీణ్ణి చదువు సంధ్య లేకుండా, తన ఇంట్లోనే జీతం లేని పాలేరుగా పెంచుతాడు హీత్‌క్లిఫ్. తనను వంచిన గాలే వీస్తే ఈ చెట్టు కూడా అలాగే వంకర తిరుగుతుందో లేదో చూస్తానంటాడు. ఆ ఇంటి గుమ్మం మీద 1500 అని, హేర్టన్ ఎర్న్‌షా అని చెక్కి ఉంటుంది. పూర్వీకుడి పేరే పిల్లాడికి పెట్టారు. ఒకరోజు కేథీ గుర్రం దిగగానే వాడు ఎదురొచ్చి, ఇప్పుడు నాకు అది చదవడం వచ్చు అంటాడు. కూడబలుక్కుని తన పేరు చదువుతాడు. మరి అంకెలు, అంటుంది. అవి ఇంకా రావంటాడు. ఆమె పకపకా నవ్వుతుంది.

కంప్యూటర్లు రాకముందు, ఒక ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుగా ఉండగా, ఒక కుర్రవాడు తాత పేరుతో ఉన్న పొలానికి ఈసీ, అంటే దాని మీద జరిగిన లావాదేవీల పత్రం, కావాలని వచ్చాడు. పెదనాయన దగ్గర పెరిగాడు, గొర్రెలు కాశాడు, బడికి పోలేదు. ఇండెక్సు పుస్తకంలో తాత పేరు వేలితో చూపించాను. తన పేరూ అదే కాబట్టి గుర్తుపట్టి మురిసిపోయాడు. పక్క గడిలో పెదనాయన పేరు మీద క్రయం, సంవత్సరం, విస్తీర్ణం ఉన్నాయి. “అదేందక్కా?” అన్నాడు. నేను చదివి చెప్పాను. “పెదనాయన మంచోడే అక్కా” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

హీత్‌క్లిఫ్ చచ్చిపోయినప్పుడు, తెరిచిన కిటికీలోంచి వాన కొట్టి తడిసిన ఆ శవం పక్కన రాత్రంతా కూర్చుని ఏడ్చేది హేర్టన్ ఒక్కడే. అందరికంటే ఎక్కువ అన్యాయమైపోయినవాడు.

మదనపల్లె స్నేహితురాలికి ఫోన్ చేసి మళ్లీ చదివానని చెప్పాను. “ఏం మే, ఇప్పుడు గూడా ఏడ్చినావా?” అంది. “ఏడ్చినా. హీత్‌క్లిఫ్ కోసం గాదు” అన్నాను. “మరెవురికోసం?” అంది. ఆమెకు హేర్టన్ అసలు గుర్తే లేడు.

పోయిన ఆదివారం మా అమ్మాయి బెంగుళూరు వెళ్తూ పుస్తకం అడిగింది. వివరణలున్నది నేనివ్వలేదు, పెన్సిలు గీతలన్నీ అందులోనే ఉన్నాయి. పేజీలు ఎగిరిపోయిన 100 రూపాయల ప్రతి ఇచ్చాను. లేని ఆ 16 పేజీల్లో ఏముందో చిత్తూరు బస్టాండులో బల్ల మీద కూర్చుని నోటితోనే చెప్పాను. బస్సు కదిలేలోపు అయిపోయింది. కొన్ని చోట్ల నెల్లీ మాదిరే నేను కూడా నా పక్షం కలిపి చెప్పి ఉంటాను.