ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్: ఎక్కడ బాగుంది, ఎక్కడ ఇబ్బంది

కంపెనీ పెట్టాలంటే నాగోల్ దగ్గర బండ్లగూడలో ఉన్న ఆర్‌ఓసీ (రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్) ఆఫీసు చుట్టూ తిరగాలని హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో వేసే రిజిస్ట్రేషన్ దరఖాస్తు, స్పైస్ ప్లస్, నేరుగా హర్యానాలోని మనేసర్‌కు, సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్‌కు వెళ్తుంది. పేరు ఖరారయ్యేదీ, సర్టిఫికెట్ వచ్చేదీ అక్కడి నుంచే. బండ్లగూడతో పని ఆ తర్వాతే.

2020 ఫిబ్రవరిలో వచ్చిన ఈ పద్ధతి నిజంగా మేలు చేసింది. కంపెనీ నంబరు, పాన్, టాన్ (టీడీఎస్ కోసం వాడే నంబరు), పీఎఫ్, ఈఎస్ఐ, ముగ్గురు డైరెక్టర్ల వరకు డిన్ (డైరెక్టర్ గుర్తింపు నంబరు), అన్నీ ఒకే దఫాలో వచ్చేస్తాయి. కావాలంటే జీఎస్టీ కూడా అందులోనే. అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ విలువ) 15 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా. స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాలు, సీఏకో సీఎస్‌కో (కంపెనీ సెక్రటరీకి) ఇచ్చే ఫీజు మాత్రం వేరు. ఎవరైనా ప్యాకేజీ ధర చెబితే ఈ మూడూ విడివిడిగా రాయించుకోండి.

పేరు కోసం 1000 రూపాయలు కట్టి రెండు పేర్లు ఇవ్వొచ్చు. ఆమోదించిన పేరు 20 రోజులు మనది. ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుకు 'హైదరాబాద్' అనో, ఒక అంకెనో తగిలిస్తే కొత్త పేరైపోదు. అదే వ్యాపారంలో ట్రేడ్‌మార్క్ ఉందేమో కూడా ముందే వెతకాలి.

మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా తిరిగొచ్చేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో 'కె. శ్రీనివాస్' అని ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఒప్పుకోరు కాబట్టి అక్కడ పూర్తిగా ఉంటుంది. కాగితం మీద ఇద్దరు మనుషులైపోతారు. డిజిటల్ సంతకం తీసుకోకముందే ఆధార్‌ను పాన్‌కు సరిపోయేలా మార్పించండి. తర్వాత మార్చుకుంటే సంతకం మళ్లీ కొనాల్సి రావొచ్చు.

రెండో చిక్కు ఆఫీసు చిరునామాకు రుజువుగా ఇచ్చే కరెంటు బిల్లు. అది రెండు నెలల లోపుదే కావాలి. పాత ఇళ్లలో మీటరు ఇంకా తాతగారి పేరునే ఉంటుంది, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే యజమాని పత్రం) మీద సంతకం మనవడిది. అప్పుడు యాజమాన్యం చూపే కాగితం కూడా జతచేయాలి. ఫారంలో రాసే డోర్ నంబరు బిల్లులో ఉన్నట్టే, అడ్డగీతలతో సహా ఉండాలి. అభ్యంతరం వస్తే సరిదిద్ది పంపడానికి 15 రోజులే గడువు.

అసలు కంపెనీ ఎందుకంటే, వ్యాపారం అప్పుల్లో పడినా వాటాదారుడు పోగొట్టుకునేది తన వాటా మేరకే. రిజిస్ట్రీ అందుకు బదులుగా లెక్కలు అందరి ముందూ పెట్టమంటుంది. ఈ రెండో సగం గురించి దరఖాస్తు పెట్టేటప్పుడే ఎవరూ గట్టిగా చెప్పకపోవడం ఈ సేవలో పెద్ద లోపం. రిజిస్ట్రేషన్ అయిన 180 రోజుల్లో వాటా డబ్బు కంపెనీ ఖాతాలో పడినట్టు చూపి ఐఎన్‌సీ-20ఏ (వ్యాపారం మొదలుపెట్టే ప్రకటన) వేయాలి. వేయకపోతే కంపెనీకి 50,000 జరిమానా, డైరెక్టర్లకు విడిగా. ఏటా వేయాల్సిన ఏఓసీ-4 (ఆర్థిక లెక్కలు), ఎంజీటీ-7 లేదా 7ఏ (వార్షిక రిటర్న్) ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పరిమితి లేదు. రెండు ఫారాలు ఏడాది ఆగితే 73,000. ఒక్క బిల్లు కొట్టని కంపెనీకైనా ఇదే లెక్క. మూడేళ్లు వరసగా వేయకపోతే డైరెక్టర్ల మీద అయిదేళ్ల అనర్హత పడుతుంది.

పోర్టల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మాస్టర్ డేటా, అంటే ప్రతి కంపెనీ ప్రాథమిక వివరాలు. జనం దాన్ని వాడుకోరు. ఇంటీరియర్స్ వాళ్లకో, బిల్డర్‌కో అడ్వాన్స్ ఇచ్చే ముందు కంపెనీ పేరు కొట్టి చూడండి. రూపాయి ఖర్చు లేదు. 'యాక్టివ్' అని ఉందా, 'స్ట్రైక్ ఆఫ్' (రిజిస్టర్ నుంచి కొట్టేసింది) అని ఉందా, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిది, డైరెక్టర్లు ఎవరు, ఏ బ్యాంకుకు ఎంత తాకట్టు ఉంది, అన్నీ కనిపిస్తాయి. 100 రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన పత్రాలూ చదవొచ్చు. నాలుగేళ్లుగా బ్యాలెన్స్ షీట్ వేయని కంపెనీ రెండు లక్షల అడ్వాన్స్ అడుగుతుంటే, చెక్కు రాయకముందే ఆ సంగతి అడగండి.