పాత స్ప్లెండర్ మీద రెండేళ్లు: తాగుడు మానినవాడి సమీక్ష

నేను సమీక్షిస్తున్నది కొత్త బండి కాదు. 2013లో తయారై, నా చేతికి రాకముందే ఇద్దరు యజమానులను చూసిన హీరో స్ప్లెండర్ ప్లస్‌ను 2022 నవంబరులో శ్రీకాకుళంలో 28 వేల రూపాయలకు కొన్నాను. ఈ రెండేళ్లలో దాని మీద 19 వేల కిలోమీటర్లకు పైగా తిరిగాను. బండి కొనడానికి సరిగ్గా మూడు నెలల ముందు మద్యం మానేశాను. ఈ రెండు సంగతులనూ విడదీసి రాయడం నాకు చేతకాదు కాబట్టి, బండి గురించి తెలుసుకోవాలని వచ్చినవారు నా తాగుడు గోలను కొంత భరించక తప్పదు.

తాగుడు మానినవాడు బండెక్కాడంటే చాలామందికి తోలు కోటు, పెద్ద ఇంజిను, లడఖ్ ప్రయాణం గుర్తుకొస్తాయి. అమెరికాలో మద్యం మానినవాళ్లు సొంతంగా నడుపుకునే మోటార్‌సైకిల్ క్లబ్బులు దశాబ్దాలుగా ఉన్నాయి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం 1935లో మొదలైంది కూడా ఆ దేశంలోనే, ఏక్రన్ పట్టణంలో. వాళ్ల రోడ్లకూ వాళ్ల సంపాదనకూ ఆ పెద్ద బండ్లు సరిపోతాయేమో గాని, విత్తనాల దుకాణంలో లెక్కలు రాసుకునే నాబోటివాడికి అప్పు చేసి కొనే బండి తాగుడు మాన్పించదు. నెల వాయిదా కట్టలేని బెంగ పట్టుకుంటే మానిన తాగుడు కూడా తిరిగి వస్తుంది. నాకు వంద సీసీ చాలు అని మొదట్లో సర్దుకున్నాను. ఇప్పుడు సర్దుకోవడం కాదు, నా పనికి ఇదే తగిన బండి అని చెబుతున్నాను.

స్ప్లెండర్ 1994లో హీరో హోండా పేరుతో వచ్చింది, కంపెనీలు విడిపోయాక 2011 నుంచి హీరో మోటోకార్ప్ పేరుతో అమ్ముతున్నారు. ఇంజిను 97.2 సీసీ, గేర్లు నాలుగు, నాలుగూ కాలిముందు భాగంతో కిందికి నొక్కేవే. నాది కార్బురేటర్ బండి, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. బరువు సుమారు 110 కిలోలు కాబట్టి ఆగిపోతే ఒంటిచేత్తో కాకపోయినా ఒక్క మనిషిగా తోసుకుని పోవచ్చు. మైలేజీ ట్యాంకు నింపి, నోటు పుస్తకంలో రాసుకుని లెక్కగట్టాను: పల్లె రోడ్ల మీద లీటరుకు 64, హైవే మీద గాలికి ఎదురుగా 75 వేగంతో పోతే 56.

బండి మాటకు ముందు ఒక హెచ్చరిక రాయాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే అది పట్టుదల పరీక్ష కాదు, వైద్యం అవసరమైన స్థితి. చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమితో మొదలై కొందరికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావడం, లేనివి కనిపించడం, మతి తప్పడం వరకూ పోతుంది. ప్రాణాలు కూడా పోవచ్చు. నాకు ఆస్పత్రిలో విటమిన్ బి1 సూదిమందు ఇచ్చారు, వణుకు తగ్గడానికి మాత్రలు ఇచ్చారు, ఆ మాత్రలు వాడినన్నాళ్లూ ద్విచక్ర వాహనం ముట్టుకోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆ మాత్రలకు మగత వస్తుంది, ఆ రోజుల్లో ఫిట్స్ భయమూ ఉంటుంది. అందుకే బండి నా వైద్యంలో భాగం కాదు, వైద్యం అయ్యాక మొదలైన సంగతి. ఆస్పత్రికి పోవడానికి మొహమాటపడేవారికి వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 ఉచిత ఫోను ఉంది.

ఇక అసలు విషయం సాయంత్రం ఆరు గంటలది. మా దుకాణం ఆరుకు మూస్తారు. పదకొండేళ్ల పాటు ఆ ఆరు గంటలకు నా కాళ్లు నన్ను అడగకుండానే ఏడు రోడ్ల కూడలి దాటి ఒకే దిక్కుకు నడిచేవి. అప్పట్లో ప్రభుత్వమే నడిపిన మద్యం దుకాణం ముందు వరసలో నిలబడితే నా ముందున్నవారి వీపులు చూసి వారి పేర్లు చెప్పగలిగేవాణ్ణి. తాగుడు మానాక పగలు ఎలాగో గడిచేది, రాత్రి మాత్రలు నిద్రపుచ్చేవి. గడవనిదల్లా ఆరు నుంచి ఎనిమిది వరకు ఉన్న ఆ రెండు గంటలే. ఇంట్లో కూర్చుంటే గోడ గడియారం వైపే చూపు. గుడికి పోతే అరగంటకే తిరిగి వచ్చేవాణ్ణి, టీవీ పెడితే చెవికి ఎక్కేది కాదు. ఆ రెండు గంటలకు నాకు కావలసింది వినోదం కాదు, రెండు చేతులకూ రెండు కాళ్లకూ పని. క్లచ్చు ఎడమ చేతికి, యాక్సిలరేటరూ ముందు బ్రేకూ కుడి చేతికి, గేర్లు ఎడమ కాలికి, వెనక బ్రేకు కుడి కాలికి పంచి ఇచ్చిన యంత్రం ఇంతకంటే చవకగా నాకు మరొకటి కనిపించలేదు.

మామూలుగా పోయే దారి కళింగపట్నం. ఊరి నుంచి సముద్రం దగ్గరున్న దీపస్తంభం దాకా 30 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. వంశధార సముద్రంలో కలిసే చోట పది నిమిషాలు నిలబడి తిరిగి వస్తే ఎనిమిది దాటుతుంది, మద్యం ఆలోచనకు మిగిలిన సందు అంతవరకు మూసుకుపోతుంది. కొన్ని రోజులు శాలిహుండం కొండ కింద బండి ఆపి బౌద్ధ స్తూపాల దగ్గరకు ఎక్కి దిగేవాణ్ణి. దారంతా చూపు తిప్పుకోనివ్వదు. డిసెంబరు, జనవరి నెలల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, గింజల మీద బ్రేకు వేస్తే చక్రం నిలవదు. వెనక దీపం లేని ట్రాక్టర్లు, ఇంటికి మళ్లిన గేదెల మందలు, ఆదివారాలైతే అరసవల్లి వైపు నుంచి వచ్చే ఆటోలు. డ్రమ్ము బ్రేకుల బండి కాబట్టి చివరి క్షణంలో కాపాడుతుందన్న ధీమా ఉండదు, వంద గజాల ముందే ఏం జరగబోతుందో ఊహించి వేగం తగ్గించుకోవాలి. శక్తి గల బ్రేకులున్న బండి అయి ఉంటే ఈ అలవాటు నాకు అబ్బేది కాదని నా నమ్మకం. ఈ ముందుచూపు మనిషికి రోడ్డు మీద ఒక్కచోటే పనికొస్తుందని అనుకోను. ఏ పెళ్లికి పోతే ఎవరు సీసా చేతిలో పెడతారో, ఏ మలుపు దగ్గర పక్కకు తప్పుకోవాలో ఇప్పుడు ముందే కనిపిస్తోంది.

తెల్లవారుజామున బండి నడపడం గురించి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే తాగే రోజుల్లో నేను చేసిన పెద్ద తప్పు అదే. రాత్రి తాగి పడుకుని లేస్తే దిగిపోయిందనుకునేవాణ్ణి. కాలేయం మద్యాన్ని గంటకు దాదాపు ఒక చిన్న పెగ్గు చొప్పున మాత్రమే వదిలించుకోగలదు. క్వార్టరు సీసా అంటే 180 మిల్లీలీటర్లు, ఆరు చిన్న పెగ్గులు. రెండు క్వార్టర్లు రాత్రి పదకొండుకు ముగించినవాడి రక్తంలో తెల్లవారి ఏడుకు కూడా మద్యం ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గాని, 10 వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నేను పట్టుబడలేదు, నా అదృష్టానికి ఎవరినీ గుద్దలేదు. మొహమంతా మూసే హెల్మెట్ పెట్టుకున్న తొలి రోజుల్లో నాకు తట్టిందేమిటంటే, అద్దం దించగానే ఎవడి ఊపిరి వాడి ముక్కుకే కొడుతుంది. తాగిన మర్నాడు ఈ హెల్మెట్ పెట్టుకుని ఉంటే ఎన్నో ఏళ్ల కిందటే నిజం తెలిసేదేమో.

బండి అమ్మిన పాత వాహనాల వ్యాపారి గురించి మంచిమాట రాయలేను. మీటరు మీద 41 వేలు చూపించాడు. ఇంజిను విప్పించాక, పిస్టన్ రింగుల అరుగుదల చూసి ఒక మెకానిక్ ఇది తిరిగింది లక్ష కిలోమీటర్లకు తక్కువ ఉండదన్నాడు. ఆ తరువాత వెళ్లిన ఒక సర్వీసు సెంటరులో గొలుసు, పళ్ల చక్రాలు మార్చాలని చెప్పి 1,600 రూపాయలు తీసుకుని, గొలుసు బిగించి ఊరుకున్నారు. పాత గొలుసు లింకు మీద నేను మార్కరుతో పెట్టిన గుర్తు అలాగే ఉంది. అడిగితే పొరపాటున మరో బండి బిల్లు కలిసిందన్నారు. డబ్బు తిరిగి ఇచ్చారు గాని నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పటి నుంచి ఊరి చివర ఒక రేకుల షెడ్డే దిక్కు. ఆ మెకానిక్ వయసు అరవై దాటింది, మాట తక్కువ. మొదటిసారి పోయినప్పుడు నా చేతికి ప్లగ్గు ఇచ్చి బిగించమన్నాడు. ప్లగ్గును మొదటి నాలుగు చుట్లూ పానా లేకుండా వేళ్లతోనే తిప్పాలి, మర వంకరగా పట్టిందంటే అల్యూమినియం హెడ్డులో మర పాడవుతుంది. నా వేళ్లు నిలవలేదు. "ఏటి బావూ, సెయ్యి అలా వణుకుతంది?" అన్నాడు. మానేసి మూడున్నర నెలలైందని చెప్పాను. ఏమీ అనలేదు, ప్లగ్గు తీసుకుని తానే పెట్టాడు. తరువాతి నెల మళ్లీ నా చేతికే ఇచ్చాడు. ఆరో నెలలో మర తప్పకుండా పెట్టగలిగాను. ఆస్పత్రిలో తీసిన రక్తపరీక్షల కాగితాలు నాకు పెద్దగా అర్థం కావు, ఈ పరీక్ష మాత్రం అర్థమైంది. ఇప్పుడు ఆయిలు మార్చడం, గొలుసు శుభ్రం చేసి నూనె పట్టించి వదులు సరిచూడడం, క్లచ్చు తీగ మార్చడం నేనే చేసుకుంటున్నాను. ఒకసారి తాగి వచ్చిన కుర్రాడికి బండి తాళం ఇవ్వకుండా, "రేపు రా నాయనా" అని షెడ్డులోనే గొలుసు వేసి ఉంచాడు ఈయన. కుర్రాడు బూతులు తిట్టినా పట్టించుకోలేదు. ఈ సర్వీసుకు వేరే సమీక్ష రాయవలసినంత విలువ ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి, అవి ఈ వయసు, ఈ తరగతి బండ్లన్నిటికీ ఉండేవే. హెడ్‌లైటు ఇంజిను తిరిగేకొద్దీ వెలుగుతుంది, వేగం తగ్గించిన చోటే, అంటే గుంత ఉన్న చోటే, మసకబారుతుంది. చీకటి పడ్డాక 45 దాటకపోవడమే నేను పెట్టుకున్న కట్టుబాటు. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీ దాటిపోయినప్పుడు గాలి తోపుకు బండి అడుగు పక్కకు జరుగుతుంది. అందుకే పలాస వైపు పోవాలన్నా వీలైనంత దూరం లోపలి రోడ్లే పట్టుకుంటాను. వెనక సస్పెన్షన్ అరిగిపోయి, టెక్కలి దాటి తేలినీలాపురం పక్షుల దగ్గరకు పోయి వచ్చిన రోజు నడుము రెండు రోజులు లేవలేదు. పెలికాన్లను, రంగు కొంగలను చూశాను కాబట్టి ఆ నొప్పికి పెద్దగా చింతించలేదు.

బండి ఉన్నంతమాత్రాన సోపతి మంచిది దొరుకుతుందన్న నమ్మకం వద్దు. నిరుడు ఒక రైడింగు బృందంతో పాలకొండ మీదుగా సీతంపేట కొండల వైపు పోయాను. వారి బండ్లు నా బండి కంటే ఎంతో బరువైనవి. పగలంతా హెల్మెట్లు, చేతి తొడుగులు, మోకాలి కవచాలు, వరస తప్పని ప్రయాణం. సాయంత్రం బస దగ్గర సంచుల్లోంచి సీసాలు దిగాయి. బలవంతం ఎవరూ చేయలేదు, "మీరు కూల్‌డ్రింకు తీసుకోండి సార్" అని మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది. కూల్‌డ్రింకు చేతిలో పట్టుకుని ఆ వలయంలో మూడు గంటలు కూర్చోగల మనిషిని నేనింకా కాలేదు. మసక దీపంతో, 40 వేగంతో, వచ్చిన దారినే రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాను. చీకట్లో అంత దూరం రావడం తెలివైన పని కాదు, కాని రెండు ప్రమాదాల్లో నాకు తెలిసిన ప్రమాదాన్ని ఎంచుకున్నాను.

మా ఆవిడ సంగతి రాయకపోతే సమీక్ష పూర్తి కాదు, వెనక సీటు గురించి చెప్పవలసింది ఆమే. పొడవైన చదును సీటు, పట్టుకోవడానికి వెనక కమ్మీ ఉన్నాయి కాబట్టి చీరతో పక్కకు కూర్చున్నా ఇబ్బంది లేదంటుంది. అయితే అలా కూర్చోవడం క్షేమం కాదని చెప్పి చెప్పి ఇప్పుడు పంజాబీ డ్రెస్సు, హెల్మెట్‌కు ఒప్పించాను. మొదటి ఏడాది బండెక్కే ముందు నన్ను హెల్మెట్ తీయమని, మొహం దగ్గరకు వచ్చి వాసన చూసి మరీ ఎక్కేది. నాకు అవమానంగా ఉండేది, కాని పదకొండేళ్లు అవమానం ఎవరిదో గుర్తుంది కాబట్టి నోరు మెదపలేదు. కిందటి రథసప్తమికి అరసవల్లి పోతున్నప్పుడు వాసన చూడడం మరిచిపోయింది. నేను గుర్తుచేయలేదు.

ఖర్చుల లెక్క: రెండేళ్లలో కొన్న ధర కాక రింగులు, క్లచ్చు ప్లేట్లు, రెండు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు కలిపి 17 వేలు అయ్యాయి. కళింగపట్నం పోయి రావడానికి లీటరు పెట్రోలు సరిపోతుంది. ఒక్క సాయంత్రం తాగుడుకు అయ్యే డబ్బుతో ఐదుసార్లు పోయి రావచ్చు. ఇటువంటి పాత బండి కొనేవారు మీటరు అంకె నమ్మవద్దు. ఉదయమే పోయి, ఇంజిను చల్లగా ఉండగా మీరే కిక్కు కొట్టి, సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుందేమో చూడండి. ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిలు ఇటూ అటూ తిప్పితే మధ్యలో పట్టేయకూడదు. బండి తీసుకునే రోజు వెంట ఒక మెకానిక్‌ను తీసుకుపోండి, తాగనివాణ్ణి.