వీధి క్లినిక్‌కు ఏది మేలు: రిజిస్ట్రేషనా, నాణ్యతా గుర్తింపా, తనిఖీ నివేదికా?

కార్పొరేట్ ఆసుపత్రుల బిల్లుల మీద ఎంత చర్చ జరిగినా, జ్వరం వస్తే మనలో చాలామంది ముందుగా వెళ్లేది ఒకే డాక్టరు నడిపే ప్రైవేటు క్లినిక్‌కే. అక్కడ ప్రతి ఇంజెక్షన్‌కూ కొత్త సిరంజి తీస్తున్నారా, మందు వికటిస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ఉందా, టీకాలున్న ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటోందా అన్నది రోగికి తెలిసే దారి లేదు. ఇవి చిన్న విషయాలు కావు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాడిన సిరంజిలనే మళ్లీ వాడటం అందుకు కారణమని తేలింది.

ఇలాంటి క్లినిక్‌లను అదుపులో ఉంచడానికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది రిజిస్ట్రేషన్. కేంద్రం 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. కేంద్ర చట్టం మంచం ఒక్కటి కూడా లేని క్లినిక్‌కూ వర్తిస్తుంది. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా అథారిటీ నమోదు చేస్తుంది. ఫీజులు కనబడేలా రాసిపెట్టాలి. నమోదు లేకుండా నడిపితే తొలిసారి 50 వేల రూపాయల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆ తర్వాత 5 లక్షల దాకా జరిమానా. ఎవరినీ వదలకపోవడం దీని బలం. లోపమల్లా తాత్కాలిక రిజిస్ట్రేషన్‌లో ఉంది. దరఖాస్తు అందిన పది రోజుల్లో, ముందస్తు విచారణ ఏదీ లేకుండానే ఇవ్వాలని చట్టమే చెబుతోంది. గోడకు వేలాడే ఆ సర్టిఫికెట్ చూసి, ఎవరో వచ్చి పరిశీలించి ఇచ్చారని రోగి అనుకుంటాడు. ఆ నమ్మకానికి ఆధారం లేదు.

రెండోది ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల జాతీయ గుర్తింపు మండలి) ఇచ్చే నాణ్యతా గుర్తింపు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే ఈ సంస్థ క్లినిక్‌లకూ ప్రమాణాలు రూపొందించింది. అవి మంచివే. కొత్తగా క్లినిక్ పెట్టే డాక్టరు వాటిని చదివి సిబ్బందికి నేర్పితే ఎంతో మేలు. కానీ ఇది ఇష్టమైనవారు తీసుకునే గుర్తింపు. ఇప్పటికే శ్రద్ధగా నడుపుతున్నవారే దరఖాస్తు చేసుకుంటారు. సిరంజి మళ్లీ వాడే చోటికి ఇది చేరదు. కాబట్టి ప్రజల భద్రతను దీని మీద వదిలేయలేం.

మూడోది తనిఖీ చేసి నివేదికను అందరి ముందూ పెట్టడం. ఇంగ్లండ్‌లో 2009 నుంచి ఆరోగ్య సేవల నియంత్రణ సంస్థ అయిన కేర్ క్వాలిటీ కమిషన్ ఈ పని చేస్తోంది. ప్రైవేటు జనరల్ ప్రాక్టీసులు కూడా సాధారణంగా దాని దగ్గర నమోదు కావాలి. భద్రత, చికిత్స ఫలితం, ఆదరణ, రోగి అవసరాలకు స్పందన, నిర్వహణ అనే ఐదు కోణాల్లో పరిశీలిస్తారు. నాకు బాగా నచ్చేది ఈ పరిశీలన లోతు. అత్యవసర మందులు, ఫ్రిజ్ చూడటంతో ఆగరు. ఉదాహరణకు, కీళ్లవాతం వంటి జబ్బులకు ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతున్న రోగికి వేళకు రక్తపరీక్షలు చేయిస్తున్నారా అని రికార్డుల్లోకి వెళ్లి చూస్తారు. అవి చేయించకపోతే రక్తకణాలు, కాలేయం దెబ్బతింటున్నా బయటపడదు. గోడలూ సర్టిఫికెట్లూ చూస్తే ఇలాంటి తప్పు ఎన్నటికీ దొరకదు. వాళ్లు కనిపెట్టిందంతా నివేదికగా వస్తుంది, ఎవరైనా చదువుకోవచ్చు.

అయితే ఆ కమిషన్‌ను అలాగే తెచ్చి ఇక్కడ నాటాలని నేను అనను. 2024లో అక్కడి ప్రభుత్వం కోరగా డాక్టర్ పెన్నీ డాష్ జరిపిన సమీక్షలో దాని తీవ్ర వైఫల్యాలు బయటపడ్డాయి. తనిఖీలు కోవిడ్‌కు ముందున్న స్థాయి కంటే బాగా తగ్గాయి, ఉన్న రేటింగులు కొన్ని ఏళ్ల నాటివి, తనిఖీ చేయదగ్గ చోట్లలో దాదాపు ఐదింట ఒకదానికి ఎన్నడూ రేటింగే ఇవ్వలేదు. ‘గుడ్’ అని ఎప్పుడో ఇచ్చిన మాటను నమ్మి ఈరోజు రోగి వెళ్తే, మన తాత్కాలిక సర్టిఫికెట్‌ను నమ్మినట్లే అవుతుంది.

అయినా ఈ మూడింట్లో నా ఓటు తనిఖీ నివేదికకే, ఒక్క మాట రేటింగ్ లేకుండా. కేంద్ర చట్టం అమలయ్యే చోట అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. శాశ్వత రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు, కనీస ప్రమాణాలు పాటిస్తున్నట్లు క్లినిక్ సమర్పించిన ఆధారాలను 30 రోజుల పాటు ప్రజల ముందు ఉంచి అభ్యంతరాలు స్వీకరించాలని కేంద్ర చట్టంలోనే ఉంది. తనిఖీ చేసే అధికారమూ జిల్లా అథారిటీకి ఉంది. ఐదేళ్లకోసారి వచ్చే ఆ 30 రోజులకే పరిమితం కాకుండా, ప్రతి తనిఖీ నివేదికనూ తేదీతో సహా తెలుగులో జిల్లా వెబ్‌సైట్‌లోనూ క్లినిక్ గోడ మీదా పెట్టాలి.

తనిఖీ అంటే లంచాలకు తలుపు తెరవడమేనని చిన్న క్లినిక్ డాక్టర్లు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఏమేం చూస్తారో ముందే ప్రకటించాలి, తనిఖీ బృందంలో ప్రాక్టీసు అనుభవమున్న డాక్టరు ఒకరు ఉండాలి, నివేదికపై క్లినిక్ ఇచ్చే జవాబును దాని పక్కనే అచ్చు వేయాలి. మొదటి విడతలో సిరంజిలు, అత్యవసర మందులు, జీవవైద్య వ్యర్థాలు, డాక్టరు అర్హత అనే నాలుగు అంశాలే చూసినా చాలు. రికార్డుల పరిశీలన రెండో విడతలో మొదలుపెట్టవచ్చు.