సీఎంఎస్ఆర్ఎన్ కోసం ఎనిమిది నెలలు వాడిన ప్రశ్నల బ్యాంకు: నా అనుభవం

గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇప్పుడు టెక్సాస్‌లో మెడ్-సర్జ్ (మెడికల్-సర్జికల్) వార్డులో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. ఈ విభాగం నర్సులకి ఉండే సర్టిఫికేషన్ పరీక్ష సీఎంఎస్ఆర్ఎన్. అది రాయాలంటే ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) ఆ విభాగంలో రెండేళ్లు, గత మూడేళ్లలో 2,000 గంటలు పనిచేసి ఉండాలి. అవి నిండిన నెలలోనే ఒక ఆన్‌లైన్ ప్రశ్నల బ్యాంకుకి డబ్బు కట్టాను. ఎనిమిది నెలలు వాడి పాసయ్యాను. "అక్కా, కొనమంటావా?" అని జూనియర్లు అడుగుతుంటే ఇది రాస్తున్నాను.

కొనమనే చెబుతాను, వివరణల కోసం. తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో కూడా విడమరిచి రాశారు. రక్తం ఎక్కుతుండగా పేషెంటుకి వణుకు, నడుము నొప్పి మొదలయ్యాయనుకోండి. డాక్టరుకి ఫోన్ చేయడం, బీపీ చూడటం, రక్తం ఆపడం, అన్నీ చేయాల్సినవే. కానీ ముందు ఆపాలి. తర్వాత కొత్త ట్యూబింగ్‌తో సెలైన్ పెట్టాలి, ఎందుకంటే పాత ట్యూబులో మిగిలిన రక్తం కూడా లోపలికి పోకూడదు. ఆ కారణం చదివాక అలాంటి ప్రశ్న నాకు మళ్లీ తప్పు పోలేదు.

నన్ను ఏడిపించినవి పని అప్పగించే ప్రశ్నలు. ట్రైనింగ్ రోజుల్లో పక్క సర్దడం నుంచి ఇంజెక్షన్ దాకా మేమే చేసేవాళ్లం, తినిపించడం పేషెంటు తాలూకు వాళ్లు చూసుకునేవారు. ఇక్కడ నర్సింగ్ అసిస్టెంటుకి ఏది ఇవ్వచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నదానికే మార్కులు. నిలకడగా ఉన్న పేషెంటుకి బీపీ చూడటం, నడిపించడం ఇవ్వచ్చు. అసెస్‌మెంట్, పేషెంటుకి జాగ్రత్తలు నేర్పడం మాత్రం ఆర్ఎన్ చేతిలోనే ఉండాలి. చదివితే చిన్న విషయమే, మొదటి నెలంతా సగం తప్పులే. పదే పదే చేశాకే ఒంటబట్టింది.

లోపాలు కూడా చెప్పాలి. అమెరికాలో స్టేజ్ 1 హై బీపీ హద్దు 2017లోనే 130/80కి దిగింది. ఇందులో ఒక ప్రశ్నకి ఇంకా 140/90 సరైన జవాబని ఉంది. తప్పని వాళ్లకి రెండుసార్లు రాశాను, దిద్దలేదు. దాన్ని నమ్మి బట్టీపట్టేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంకొకటి, పూర్తి మాక్ టెస్ట్ ఒక్కటే ఉంది. అసలు పరీక్ష మూడు గంటల్లో 150 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 72 సెకన్లు. మార్కులు 125కే, కానీ ఆ 125 ఏవో మనకి తెలియదు కాబట్టి అన్నీ శ్రద్ధగా చేయాల్సిందే. అంతసేపు కూర్చునే అలవాటు కోసం సెలవు రోజు పొద్దున్నే 75 చొప్పున రెండు సెట్లు వరసగా చేసేదాన్ని. చివరి నెలలో టెన్షన్ తగ్గించింది అదే.

ఫోన్ యాప్ ఉంది కదా అని రాత్రి 3 గంటలకి బ్రేక్‌లో మాత్రం చేయకండి. నాకు ఒక్కటీ గుర్తుండలేదు. డ్యూటీకి వెళ్లే ముందు 20 చేస్తే చాలు. ఒక సాయంత్రం పొటాషియం పెరిగితే ఈసీజీలో టీ వేవ్ అనే అల మొనదేలుతుందని చదివాను. అదే వారం మా వార్డులో అలాంటి స్ట్రిప్ నా చేతికొచ్చింది, చూడగానే గుర్తుపట్టాను.

ఏడాది ప్లాన్ అక్కర్లేదు, ఆరు నెలలది తీసుకోండి. బీపీ అంకెలు మాత్రం వేరేచోట సరిచూసుకోండి.