హ్యాండ్ ట్రాకర్ కొన్నేళ్లు వాడాక: నేను డబ్బు కట్టేది ఆ పసుపు గీత కోసమే

ట్రాకర్ అంటే మనం ఆడిన ప్రతి హ్యాండ్‌నీ (ఒక్కో పంపకం ఆటనీ) ఫైళ్లలోంచి ఎక్కించుకుని లెక్కలూ గ్రాఫులూ చూపించే సాఫ్ట్‌వేర్ అని ఆన్‌లైన్‌లో పోకర్ ఆడేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేయడం, టేబుల్ మీద ఎదుటివాళ్ల అంకెలు కనిపించేలా పెట్టుకోవడం, ఇవన్నీ వదిలేస్తున్నాను. నేను వాడేదాని పేరు కూడా చెప్పను. నేను మాట్లాడబోయే ఫీచర్ కాస్త పేరున్న ట్రాకర్లలో మామూలుగా ఉండేదే. గ్రాఫ్‌లో ఆకుపచ్చ గీత పక్కన ఇంకో గీత నడుస్తుంటుంది చూడండి, అదీ సంగతి. నా దాంట్లో పసుపు రంగులో ఉంటుంది. ఆల్-ఇన్ ఈవీ అంటారు, అంటే ఉన్నదంతా తోసేసిన (ఆల్-ఇన్ అయిన) హ్యాండ్లలో సగటున రావాల్సింది. ఇన్నాళ్లుగా ఈ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కడుతున్నానంటే ఆ ఒక్క గీత కోసమే.

ఆకుపచ్చది నిజంగా వచ్చిందీ పోయిందీ చూపిస్తుంది. పసుపుది వేరే లెక్క. ఆఖరి కార్డు పడకముందే ఆల్-ఇన్ అయిపోయిన హ్యాండ్లలో, ఆ క్షణానికి గెలిచే అవకాశాన్ని బట్టి పాట్‌లో (మధ్యలో పోగైన పందెం డబ్బులో) నా వాటా ఎంతో కట్టి చూపిస్తుంది. ఒక హ్యాండ్ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నా దగ్గర రెండు ఆసులు, ఎదుటివాడి దగ్గర రెండు రాజులు. ఫ్లాప్ (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు కార్డులు) రాకముందే ఇద్దరం చెరో 100 బిగ్ బ్లైండ్లు (బిగ్ బ్లైండ్ అంటే హ్యాండ్ మొదట్లో పెట్టే తప్పనిసరి పందెం, దాంతోనే డబ్బు కొలుస్తాం) తోసేశాం. అక్కడ ఆసులు గెలిచే అవకాశం 82 శాతం. ఫ్లాప్‌లో ఏమీ లేదు, టర్న్‌లో, అంటే నాలుగో కార్డుగా, మూడో రాజు దిగాడు. నా 100 పోయాయి. గ్రాఫ్ తెరిచి చూస్తే ఆకుపచ్చ గీత 100 కిందకి పడింది, పసుపు గీత మాత్రం 64 పైకి లేచింది. 200లో 82 శాతం అంటే 164, అందులోంచి నేను పెట్టిన 100 తీసేస్తే 64. ఒక్క హ్యాండ్‌లో రెండు గీతల మధ్య 164 బ్లైండ్ల తేడా వచ్చేసింది. పోయిన డబ్బు ఎలాగూ రాదు. కానీ ఒళ్లు మండిపోతున్న ఆ టైంలో, నువ్వు చేసింది సరైనదే అని లెక్కతో సహా చెప్పేది ఆ గీత ఒక్కటే.

పోకర్‌లో ధైర్యం రావడానికి ఎన్నాళ్లు పడుతుందని కొత్తవాళ్లు తరచూ అడుగుతుంటారు. టేబుల్ దగ్గర టెన్షన్ లేకుండా కూర్చోవడానికైతే కొన్ని నెలలు చాలు. ఏ కార్డులతో దిగాలి, ఎదుటివాడు పాట్‌లో సగం బెట్ వేస్తే కాల్ చేయడానికి (అంతే పెట్టి ఆటలో ఉండటానికి) మనకి 25 శాతం గెలిచే అవకాశం ఉండాలి, ఫ్లాప్‌లో ఫ్లష్‌కి (ఒకే గుర్తువి ఐదు కార్డులకి) ఒక్క కార్డు తక్కువుంటే రివర్ (ఐదోది, ఆఖరి కార్డు) దాకా అది పడే అవకాశం 35 శాతం, ఇలాంటివి ఆడుతూ ఆడుతూ వాటంతటవే నోటికొచ్చేస్తాయి. కానీ 'నేను నిజంగా గెలిచే ఆటగాణ్ణేనా' అన్నదానికి జవాబు అంత త్వరగా దొరకదు.

ఆరుగురు కూర్చునే నో-లిమిట్ (బెట్‌కి పైపరిమితి లేని) టేబుల్లో 100 హ్యాండ్లకి 5 బిగ్ బ్లైండ్లు గెలిచేవాడంటే మంచి ఆటగాడే. అయితే ఆ 100 హ్యాండ్లలో వచ్చే ఒడిదుడుకులు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 90 బ్లైండ్ల దాకా ఉంటుంది. లెక్క వేస్తే, అలాంటివాళ్లు పదిమంది తలా 10,000 హ్యాండ్లు ఆడాక కూడా దాదాపు ముగ్గురు నష్టంలోనే ఉంటారు. లక్ష హ్యాండ్లకి వెళ్తే వందమందిలో నలుగురు ఇంకా నష్టంలో ఉంటారు. ఎదురెదురుగా కూర్చుని ఆడే టేబుల్లో గంటకి 30 హ్యాండ్లు పడితే ఎక్కువ. వారానికి పది గంటలు ఆడినా లక్ష హ్యాండ్లకి ఆరేళ్లు దాటుతుంది. కాబట్టి ఎన్నాళ్లని ఎవరైనా నెలల్లో చెబితే నేను నమ్మను. ఆ పసుపు గీత ఈ గందరగోళాన్ని పూర్తిగా తీసేయదు, కొంత తగ్గిస్తుంది. ఆ కొంతే నాకు చాలా అక్కరకొచ్చింది.

అది ముఖ్యంగా ఒక ఓడుతున్న కాలంలో. వారాల తరబడి ఆకుపచ్చ గీత దిగుతూనే ఉంది. పెద్ద పాట్లు వరసగా పోతున్నాయి, ఎప్పుడూ ఆఖరి కార్డు మీదే. ఈ దశలోనే కొందరు పోయినదంతా ఒక్కసారే రాబట్టాలని పెద్ద బ్లైండ్ల టేబుల్‌కి వెళ్లి ఉన్నదీ ఊడ్చుకోవడం నేను చూశాను. నేను మాత్రం రోజూ ఆట అయ్యాక గ్రాఫ్ తెరిచేవాణ్ణి. పసుపు గీత పెద్దగా ఎగబాకకపోయినా నిలకడగా పైకే పోతోంది. అది చూసి కంప్యూటర్ మూసేసి పడుకునేవాణ్ణి. నిద్ర పట్టేది కూడా.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాతి సీజన్‌లో. అప్పుడు ఏది పట్టినా గెలుపే. ఫోల్డ్ చేయడం (కార్డులు వదిలేసి తప్పుకోవడం) నేర్చుకున్నానని, ఎదుటివాళ్లని చదవడం వచ్చేసిందని నాకు గట్టి నమ్మకం. గ్రాఫ్ తెరిస్తే ఆకుపచ్చ గీత ఎక్కడో పైన, పసుపుది దానికి చాలా కింద. నేను తోసిన ఆల్-ఇన్‌లు ఉన్న అవకాశం కంటే ఎక్కువగా గెలిపించాయని అర్థం. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే. ఓడుతున్నప్పుడు ఓదార్పు ఎక్కడైనా దొరుకుతుంది. గెలుస్తున్నప్పుడు నీళ్లు చల్లేవాడే దొరకడు. ఈ గీతకి నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ దీనికే.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పాలి. ఆ గీతకి కనిపించే అదృష్టం చాలా తక్కువ. నా దగ్గర రెండు ఏడులు. ఫ్లాప్‌లో జాకీ, ఏడు, రెండు. మూడు ఏడులు కుదిరాయి, ఇంకేం కావాలి? ఎదుటివాడి దగ్గర రెండు జాకీలు. ఇద్దరం 100 బ్లైండ్లతోనే ఉన్నాం, ఫ్లాప్‌లోనే అంతా వెళ్లిపోయింది. అక్కడ నేను గెలిచే అవకాశం 4 శాతం పైచిలుకు. దాంతో పసుపు గీత కూడా 90 బ్లైండ్లకి పైగా పడింది. ఆ హ్యాండ్‌లో ఎవరున్నా ఆ డబ్బు పోయేదే, అది దురదృష్టం కాక మరేంటి? కానీ గీత దృష్టిలో అది నా ఆట ఖాతాలోదే. రివర్ సంగతీ ఇంతే. రివర్‌లో ఎదుటివాడికి ఫ్లష్ పడి, ఆ తర్వాత వాడు వేసిన బెట్‌ని నేను కాల్ చేస్తే, కార్డులన్నీ పడిపోయాయి కాబట్టి సర్దడానికి ఏమీ ఉండదు. మొత్తం నష్టం రెండు గీతల్లోనూ పడుతుంది. మంచి కార్డులు రావడం రాకపోవడం అయితే దానికి అసలే పట్టదు.

అందుకే ఇప్పుడు నేను ముందు చూసేది గీతని కాదు. రివర్‌లో కాల్ చేసి ఓడిన పెద్ద పాట్లని ఫిల్టర్ పెట్టి బయటికి తీస్తాను, ఒక్కో హ్యాండ్‌ని మళ్లీ నడిపించి చూస్తాను. విసుగు పుట్టే పనే, పైగా అందులో గ్రాఫ్ చూస్తే వచ్చే హాయి ఏమీ ఉండదు. కానీ రివర్‌లో పెద్ద బెట్ ఎదురైనప్పుడు చేతిలో రెండు జతలున్నా ఫోల్డ్ చేసే ధైర్యం నాకు దీనివల్లే వచ్చింది. ఆ గీత చేసిందల్లా ఈ పని చేసేంత ఓపిక మిగల్చడం.

చిన్న చికాకులు లేకపోలేదు. ఒకసారి నేను ఆడే సైటువాళ్లు ఫైళ్ల తీరు మార్చడంతో కొన్నిరోజుల హ్యాండ్లు ఎక్కలేదు. ట్రాకర్ అప్‌డేట్ వచ్చాక మళ్లీ ఎక్కించుకున్నాను, అంతటితో సరి.

కొనమని మాత్రం అందరికీ చెప్పలేను. ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్లకి ఇది పనికిరాదు, ఎక్కించడానికి ఫైళ్లే ఉండవు కదా. హ్యాండ్ హిస్టరీ (ఆడిన హ్యాండ్ల ఫైళ్లు) ఇవ్వని సైట్లలో ఆడేవాళ్లకీ అంతే. టోర్నమెంట్లలో గీత చిప్స్‌లో నడుస్తుంది, అక్కడ చిప్స్ రెట్టింపైనంత మాత్రాన రావాల్సిన డబ్బు రెట్టింపు కాదు. వారానికి ఒకసారి సరదాకి ఆడేవాళ్లకైతే రెండు గీతలూ చాలాకాలం గాలివాటంగానే తిరుగుతుంటాయి. నేను ఆడేది చిన్న బ్లైండ్లకి, రెండే టేబుల్స్, అదీ ఆఫీసు పని అయ్యాక. ఆ డబ్బు మీద ఇల్లు నడవదు. నాకొచ్చిన నిబ్బరంలో గీత వాటా ఎంతో, నెల తిరిగేసరికి వచ్చే జీతం వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఈసారి కూడా చందా కట్టాను. ఆడటం ఇంకాస్త తగ్గితే మాత్రం వచ్చేసారి కడతానో లేదో.