ఏథెన్స్ గుళ్ళు: రిపేర్లు చూడ్డానికే వెళ్ళొచ్చు

మొన్న ఏథెన్స్‌లో నాలుగు రోజులున్నాం, నేనూ మా ఆవిడా. ఆక్రోపొలిస్‌కి (పాత గుళ్ళున్న కొండ) పొద్దున ఎనిమిదింటి స్లాట్ బుక్ చేసుకుని, మ్యూజియం వైపున్న గేట్ నుంచి ఎక్కండి, ఎండా రద్దీ రెండూ తగ్గుతాయి. టికెట్ 30 యూరోలు. గ్రిప్ ఉన్న షూస్ వేసుకోండి, జనం తొక్కి తొక్కి పైన రాళ్ళు నున్నగా అయిపోయాయి, మా ఆవిడ రెండుసార్లు జారింది.

కొండ మీది పెద్ద గుడి పార్థినాన్ దగ్గర క్రేన్ చూసి ఆవిడ "ఫోటోలన్నీ పాడు" అని గొణిగింది గానీ నేను దాన్నే చూస్తూ నిలబడిపోయా. క్రీ.పూ. 447లో మొదలెట్టి, శిల్పాలు పక్కన పెడితే తొమ్మిదేళ్ళలో లేపేశారు, పాలరాయంతా పెంటెలి కొండదే. రాయికీ రాయికీ ఇనుప క్లాంపులు బిగించి పైన సీసం పోసేవాళ్ళు, తుప్పు పట్టకుండా. 1900ల్లో బలానోస్ అనే ఇంజినీరు రిపేర్ చేస్తూ సీసం లేకుండా ఉత్త ఇనుము పెట్టేశాడు, అది తుప్పు పట్టి ఉబ్బి పాలరాయినే పగలగొట్టింది! ఇప్పుడవి పీకేసి టైటానియం వేస్తున్నారు. విరిగినచోట అదే కొండ రాయితో అతుకు, కొత్తది తెల్లగా, పాతది తేనె రంగులో, దాచిపెట్టే ప్రయత్నమే లేదు. మాది హనుమకొండ, వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పాక మళ్ళీ నిలబడేదాకా ఎన్నేళ్ళు పట్టిందో చూసినవాణ్ణి, అందుకే ఇక్కడ 1983 నుంచి పని సాగుతోందంటే నాకేం వింతనిపించలేదు.

మెట్ల మూల దగ్గర వంగి, అంచు వెంబడే చూడండి. పొడుగు వైపు మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది, కావాలనే అలా కట్టారు, స్తంభాలు కూడా లోపలికి కాస్త వాలి ఉంటాయి. మేం తీసుకున్న గ్రూప్ టూర్ గైడ్ ఇదేం చెప్పలేదు, 1687లో ఈ గుడిలో దాచిన మందుగుండు పేలిన కథ ఒకటి చెప్పి సెల్ఫీలకి టైమిచ్చాడు, డబ్బు దండగ.

మ్యూజియం మధ్యాహ్నం పెట్టుకోండి, ఏసీ ఉంది, ఆడవాళ్ళ రూపంలో చెక్కిన స్తంభాలు, అసలు కారియాటిడ్ బొమ్మలు ఐదు అక్కడే (పైన ఎరెక్థియోన్ అనే గుడికున్నవి నకళ్ళు). మొత్తం నిలబడి ఉన్న గుడి కావాలంటే కింద అగోరాలో (పాతకాలం సంత మైదానం) హెఫాయిస్టోస్ గుడి, చాలాకాలం చర్చిగా వాడటంతో బతికిపోయింది, మేం వెళ్ళినప్పుడు జనమే లేరు.

రూమ్ కౌకాకీలో తీసుకున్నాం. చిన్నది, లిఫ్ట్‌లో సూట్‌కేస్ పడితే మనిషి పట్టడు, కానీ రాత్రి ప్రశాంతం. మొనాస్టిరాకీ వైపైతే అర్ధరాత్రి దాకా గోలే. సముద్రం ఒడ్డున పాత గుడి ఉన్న సూనియోన్‌కి బస్‌లో దాదాపు రెండు గంటలు, సూర్యాస్తమయం దాకా ఉండేట్టయితే తిరుగు బస్సు టైమ్ ముందే కనుక్కోండి, మేం కనుక్కోలేదు, టాక్సీకి బాగా వదిలింది.